పాత తోలుసంచీ – ఇంట్లోనే మరమ్మతు

విద్యార్థి సంఘం మిత్రులు వార్షిక సంచికకు వ్యాసం వ్రాయమని అడిగినప్పుడు, ఏదో గంభీరమైన విషయం మీద వ్రాస్తానని అనుకొని ఉంటారు. రసాయనశాస్త్రం చదివినవాడు గనుక ఎరువుల గూర్చో, మందుల గూర్చో వ్రాస్తాడని ఆశించటం సహజమే. నేను వ్రాయబోయేది మాత్రం ఒక పాత తోలుసంచీ గూర్చి. నవ్వకండి. ఈ కళాశాల ప్రయోగశాలలో నేర్చుకున్న రసాయనశాస్త్రానికి ఇంట్లో పరీక్ష పెట్టింది ఆ సంచీయే. ఆ పరీక్షలో మొదటిసారి నేను తప్పాను కూడా.

సంచీ మా మేనత్తది. ఆడవాళ్ళు భుజానికి తగిలించుకొనే హ్యాండ్‌బ్యాగు. ఆమె 1974లో సర్కారు బడిలో టీచరుగా చేరిననాటి నుండి 2011లో రిటైరయ్యేదాకా ఎర్రసిరా పెన్నూ, సుద్దముక్కలూ, బస్సు పాసూ, మధ్యాహ్నానికి డబ్బా – అన్నీ అందులోనే. రిటైరయ్యాక దాన్ని పాతచీరలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది. 2020 అక్టోబరు 13 రాత్రి మన నగరం మీద కురిసిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా పడింది. సరూర్‌నగర్ చెరువు క్రింది కాలనీలలో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. అత్తమ్మ వాళ్ళది క్రింది వాటా. నాలుగు రోజులకు నీళ్ళు తీశాక ఆమెను అబ్దుల్లాపూర్‌మెట్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాను. ఆమె వెంట తెచ్చుకొన్నవి రెండే. ఒకటి పింఛను కాగితాల కవరు, రెండోది బురదతో బరువెక్కిన ఈ సంచీ.

"పారేద్దాం అత్తమ్మా, కొత్తది కొనిస్త" అన్నాను.

"ఇది కొంటె దొరికేది గాదు బిడ్డా" అన్నది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

నేను చేసిన తప్పు

రసాయనశాస్త్రం చదివానన్న ధీమాతో నేను చేసిన పని వినండి. సంచీని బట్టలసబ్బుతో రుద్ది కడిగాను. డాబా మీద ఎండలో ఆరవేశాను. సాయంత్రానికి అది చెక్కలాగా బిగుసుకుపోతే, మెత్తబడుతుంది గదా అని గిన్నెడు కొబ్బరినూనె పట్టించాను. మర్నాటికి మూత అంచులు అప్పడంలాగా పైకి లేచాయి. నూనె పడినచోట నల్లటి మరకలు. బకిల్ చుట్టూ మరింత నలుపు. అత్తమ్మ చూసింది, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవటమే నాకు ఎక్కువ బాధ పెట్టింది. అప్పుడు కూర్చొని, అసలు తోలంటే ఏమిటో మొదటినుంచీ చదవటం మొదలుపెట్టాను. ముందు చదివి తరువాత చేయవలసినది, నేను తల్లక్రిందులుగా చేశానన్నమాట.

తోలంటే ఏమిటి?

పశువు చర్మంలో ముఖ్యభాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. మూడు పోగులు పెనవేసిన త్రాళ్ళలాగా ఉండి, ఆ త్రాళ్ళు మళ్ళీ కట్టలు కట్టి చర్మానికి బలమిస్తాయి. పచ్చిచర్మాన్ని అలాగే వదిలేస్తే కుళ్ళుతుంది. ఉత్తగా ఎండబెడితే అట్టలాగా బిగుస్తుంది. మన తోలుబొమ్మలు ఈ రెండో రకం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకచర్మాన్ని శుభ్రపరచి, గీకి, వెలుతురు సోకేటట్లు పలుచన చేసి బొమ్మలు కోస్తారు. అది ఊనిన తోలు కాదు గనుకనే దీపం వెలుగు దానిలోంచి వస్తుంది.

సంచీకి, చెప్పుకు పనికివచ్చే తోలు కావాలంటే చర్మాన్ని ఊనవలసిందే. చెట్టు బెరడులోనూ కాయలోనూ ఉండే టానిన్లు కొల్లాజెన్ పోగుల మధ్యకు చేరి వాటిని పట్టుకుంటాయి. అప్పుడు సూక్ష్మజీవులకు అది తిండి కాదు, నీటికి కుళ్ళదు. మన ప్రాంతంలో ఆ బెరడు తంగేడుది, ఆ కాయ కరక్కాయ. దక్షిణదేశంలో తంగేడు బెరడుతో ఊనిన తోళ్ళు ఒకప్పుడు 'ఈస్టిండియా కిప్స్' పేరుతో లండను బజారుదాకా వెళ్ళేవి. తంగేడు ఈనాడు తెలంగాణ రాష్ట్రపుష్పం. పువ్వేమో బతుకమ్మ మీదికి ఎక్కింది, బెరడేమో లందలోకి దిగింది. చెట్టు ఒక్కటే.

రెండో పద్ధతి క్రోమియం లవణాలతో ఊనటం. ఇది త్వరగా అవుతుంది, తోలు మెత్తగా, వేడికి ఓర్చేదిగా ఉంటుంది. ఈనాడు బజారులో దొరికే తోలుసామానులో ఎక్కువభాగం ఈ రకమే. కోసిన అంచులో మధ్యభాగం నీలిబూడిద రంగుగా కనిపిస్తే అది క్రోము తోలు. గోధుమ రంగుగా ఉంటే బెరడు తోలు కావచ్చు.

ఇవన్నీ చదువుతూ ఉంటే ఒక తెలుగువాడి పేరు మాటిమాటికీ తగిలింది. యలవర్తి నాయుడమ్మగారు. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టారు. 1948లో మద్రాసులో నెలకొల్పిన కేంద్రీయ చర్మపరిశోధనసంస్థకు డైరెక్టరుగా ఉండి దానికి ప్రపంచంలో పేరు తెచ్చారు. తరువాత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానం ప్రేలుడులో మరణించారు. నలుగురూ చిన్నచూపు చూసే తోలుపనిని ప్రయోగశాలలోకి తెచ్చి పెద్దపీట వేసినవారు. మన పాఠ్యపుస్తకాలలో ఆయనకు ఒక పేజీ ఉంటే బాగుండేదని నాకనిపించింది.

తప్పు ఎక్కడ జరిగింది?

ఇప్పుడు నా మూడు తప్పులకూ కారణాలు చెబుతాను.

మొదటిది సబ్బు. తోలు స్వభావం కొంచెం ఆమ్లం. పి.హెచ్. విలువ నాలుగూ అయిదూ ప్రాంతంలో ఉంటుంది. బట్టలసబ్బు నీళ్ళు తొమ్మిదీ పదీ దగ్గర ఉండే క్షారం. క్షారం తగిలితే టానిన్ల పట్టు సడలుతుంది, రంగు దిగుతుంది, లోపలి కొవ్వు కూడా పోతుంది. వంటసోడా పూయటమూ ఇందుకే తప్పు.

రెండోది ఎండ. తడిసిన చర్మాన్ని వేడిచేస్తే ఒకానొక హద్దు దగ్గర కొల్లాజెన్ త్రాళ్ళ పెనవేత విడిపోయి తోలు చటుక్కున ముడుచుకుపోతుంది. పచ్చిచర్మానికి ఆ హద్దు 60–65 డిగ్రీలు. బెరడు తోలుకు 70–85 డిగ్రీలు. క్రోము తోలు 100 డిగ్రీలు దాటినా ఓర్చుకోగలదు. అయితే ఏళ్ళ తరబడి వాడిన తోలుకు ఈ హద్దు క్రిందికి దిగిపోతుంది. అంచేత తడి సంచీకి ఎండ, హెయిర్‌డ్రయ్యరు, ఇస్త్రీపెట్టె – మూడూ శత్రువులే. ముడుచుకున్న తోలు మళ్ళీ సాగదు.

మూడోది నూనె. తోలుకు కొవ్వు కావాలన్నది నిజమే. పోగులు ఒకదానిమీద ఒకటి జారటానికి అది అవసరం. కాని కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. మన హైదరాబాదు చలికాలంలో అది తోలు పైకి తెల్లటి పొరలాగా తేలి, బూజేమోనని భయపెడుతుంది. వేరుసెనగనూనె వంటివి గాలికి మారి కంపుకొడతాయి. ఏ నూనె అయినా మోతాదు మించితే మరకే.

ఇక బకిల్ దగ్గరి నలుపు. ఇనుమూ టానినూ తడిలో కలిస్తే నల్లటి పదార్థం ఏర్పడుతుంది. వెనుకటి కరక్కాయ సిరా అదే. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు కూడా అదే సూత్రం. కరక్కాయలో ముంచిన బట్టమీద ఇనుమూ బెల్లమూ ఊరవేసిన కషాయంతో గీస్తారు. చేతిగుడ్డకైతే అది కళ, సంచీకైతే మచ్చ. ఆ నలుపును తీయటానికి ఆమ్లాలు వాడేవారు ఉన్నారు గాని, ఇంట్లో ఆ ప్రయత్నం చేయవద్దనే నా మనవి. తోలుకు మచ్చ ఉన్నా ఫరవాలేదు, చిల్లు పడితే కష్టం.

మీ సంచీ ఏ రకం?

మరమ్మతుకు ముందు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇది. చాలామంది తోలనుకొనేది రెగ్జిను. అంచు విప్పి చూడండి. గుడ్డకు అంటించిన పొర కనిపిస్తే రెగ్జిను. విడివిడి పీచు కనిపిస్తే తోలు. పైపొర పొట్టుపొట్టుగా రాలుతుంటే అది పాలీయురేథేన్ పూత. మన తేమకు దానంతటదే విరిగిపోయే గుణం దానిది. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద ముచ్చటపడి కొన్న సంచీ రెండేళ్ళకు పొట్టు రాలిస్తే మీ నిర్వాకం కాదు. ఏ క్రీమూ దాన్ని బాగుచేయలేదు.

తోలే అని తేలితే, అడుగుభాగాన కనిపించని చోట ఒక్క నీటిచుక్క వేయండి. చుక్క ఇంకి అక్కడ ముదురురంగు వస్తే పైన పూత లేని తోలు. దానితో మహా జాగ్రత్తగా ఉండాలి. చుక్క నిలబడితే రంగుపూత ఉన్న తోలు, కొంచెం తడిగుడ్డకు ఓర్చుకొంటుంది. తోలు ఎర్రటి పొడిలాగా రాలుతుంటే మాత్రం ఏమీ పూయకండి. గ్రంథాలయంలో పాతపుస్తకాల తోలు అట్టలు తాకితే చేతికి అంటే ఎర్రపొడి ఇదే. గాలిలోని గంధకపు వాయువులు తోలులో చేరి ఆమ్లంగా మారటంవల్ల పుట్టే జబ్బు. దీనికి మందు లేదు. గుడ్డలో చుట్టి భద్రంగా దాచుకోవటమే.

చేయవలసిన పద్ధతి

రెండోసారి నేను చేసిన పని ఇది. మీరు మొదటిసారే ఇలా చేయండి.

వరదనీటిలో తడిసినదైతే చేతికి తొడుగులు వేసుకోండి, ఆ నీటిలో మురుగు ఉంటుంది. బురద ఎండకముందే మంచినీటిలో ముంచి పిండిన స్పాంజితో అద్ది తీయండి. రుద్దవద్దు. లోపల పాతచీర ముక్కలు కూరి ఆకారం నిలబెట్టండి. వార్తాపత్రిక వద్దు, అచ్చుసిరా అంటుకుంటుంది. నీడలో, ఫ్యాను గాలికి, నాలుగయిదు రోజులు ఆరనివ్వండి. కూరిన గుడ్డ రోజూ మార్చండి. పూర్తిగా ఆరకముందే రోజుకు రెండుసార్లు తోలును చేతులతో మెల్లగా వంచుతూ ఉండండి. పోగులు ఒకదానికొకటి అతుక్కోకుండా ఉండటానికే ఇది.

బూజు పడితే ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఇంటి బయట, మెత్తటి బ్రష్షుతో దులపండి. స్పిరిట్టూ నీళ్ళూ సమంగా కలిపి, గుడ్డకు కొద్దిగా అద్ది తుడవవచ్చు. రంగు దిగుతుందేమో ముందు అడుగుభాగాన చూసుకోవాలి. లోపలి అస్తరును బయటికి తిప్పి దులిపి, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. వాసన పోకపోతే మూత ఉన్న డబ్బాలో గిన్నెడు బొగ్గులు పెట్టి, తగలకుండా సంచీని కొన్నాళ్ళు ఉంచండి.

మామూలు మురికికి పొడిబ్రష్షు చాలు. అప్పటికీ పోకపోతే చెంబుడు నీళ్ళలో పసిపిల్లల షాంపూ రెండు చుక్కలు వేసి గిలకొట్టి, నీరు కాక నురగ మాత్రమే గుడ్డకు తీసుకొని తుడవండి. వెంటనే తడిపి పిండిన మరో గుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవాలి. నూనెమరక కొత్తదైతే దానిమీద సుద్దముక్క పొడి చల్లి రాత్రంతా వదిలి, ఉదయం దులపండి. అధ్యాపకులకు ఈ మందు ఎల్లవేళలా అందుబాటులో ఉంటుంది! బాల్‌పెన్ను గీతల మీద గోళ్ళరంగు తీసే ద్రావకం మాత్రం పూయకండి, గీతతోపాటు తోలు రంగూ లేచిపోతుంది.

సంచీ పూర్తిగా ఆరిన తరువాతే కొవ్వు పట్టించాలి. బజారులో రంగులేని తోలు క్రీము దొరికితే అది చాలు. నేను వాడింది తేనెమైనం ఒక వంతు, ఆముదం మూడు వంతులు. వేడినీళ్ళలో గిన్నె పెట్టి కరిగించి చల్లార్చాను. బెరడు తోలు మీద ఈ లేపనం వేలికొసతో తీసుకొనేంతే, మెత్తటి గుడ్డతో పలుచగా రుద్ది, ఒకరోజు ఆగి, మిగిలినది తుడిచేయాలి. చాలకపోతే మళ్ళీ ఒకసారి. మొదట అడుగుభాగాన పూసి చూడటం మరచిపోకండి, తోలు రంగు కొంచెం ముదురుతుంది. ఆముదమే ఎందుకంటే, అది త్వరగా మారిపోయే నూనె కాదు. గంధకికామ్లంతో మార్పుచేసిన ఆముదాన్ని తోలు కర్మాగారాలలో కూడా వాడతారు. బూటుపాలిష్ వద్దు, దాని రంగు చీరకు అంటుతుంది.

చివరిగా దాచుకొనే పద్ధతి. ప్లాస్టిక్ కవరులో పెట్టవద్దు. పాతపంచె ముక్కతో కుట్టిన సంచీలో, లోపల గుడ్డ కూరి, గాలి ఆడే అరలో పెట్టండి. వానాకాలంలో నెలకొకసారి బయటికి తీసి గాలి పోయండి. మందులడబ్బాల్లో వచ్చే సిలికాజెల్ పొట్లాలు పారేయక అందులో వేయండి.

కుట్టు సంగతి

నా సంచీకి ఇంకా భుజంపట్టీ తెగి ఉంది. దాన్ని తీసుకొని ఎల్.బి.నగర్ చౌరస్తాలో చెట్టునీడన కూర్చొనే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన సంచీని అటూ ఇటూ త్రిప్పి, బొటనవ్రేలితో కుట్టు తడిమి, నావైపు చూశాడు.

"గిది మిషిని కుట్టు గాదు సారూ. రెండు సూదుల కుట్టు. చేతి పని. ఎవలు కుట్టిండ్రు?"

నాకు తెలియదన్నాను. ఆయన మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలోంచి ఇటునుంచి ఒకటీ అటునుంచి ఒకటీ దూర్చి బిగించాడు. ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది, మిషను కుట్టు అలా ఉండదు. ఇంకొక మాట చెప్పాడు. "కొత్త తూట్లు పొడవొద్దు సారూ. పాత తూట్లల్లనే పోవాలె. లేకుంటె పోస్టు బిళ్ళ లెక్క చినుగుతది." పాత తోలు కుట్టే ప్రతివారూ గుర్తుంచుకోదగ్గ సూత్రం ఇది. ఇంట్లో కుట్టుకోదలచినా ఇదే పద్ధతి.

ఇంటికి వచ్చి అత్తమ్మను అడిగాను, ఎవరు కుట్టారని. చాలాసేపు సంచీని ఒళ్ళో పెట్టుకొని కూర్చొని చెప్పింది.

"మీ తాత కుట్టిండు. తోలు గూడ ఆయనదే, మన లందల ఊనిందే."

మా తాత నాకు కొంచెం కొంచెం గుర్తు. 1981లో పోయాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ఊరికి మోటబావుల బొక్కెనలూ, చెప్పులూ ఆయన కుట్టి ఇచ్చినవే. ఇంటివెనుక సున్నపుగుంట, లంద. చర్మాన్ని సున్నంలో నానవేసి, వెంట్రుకలు గీకి, కడిగి, సంచీలాగా కుట్టి, లోపల తంగేడు బెరడు కషాయం పోసి కొయ్యకు వ్రేలాడదీసేవాడు. ఆరె, రంపె ఆయన పనిముట్లు. కరెంటు మోటార్లు వచ్చాక బొక్కెనలు అడిగేవారు లేరు. లంద పూడ్చేశారు. ఆ వాసన మాకు అంటకూడదని ఆయన మమ్మల్ని బడికి తోలాడు. కూతురికి ఉద్యోగం వచ్చిన నెలలో పట్నపు దుకాణంలో ఎక్కడో చూసి వచ్చిన నమూనాతో ఈ సంచీ కుట్టి ఇచ్చాడట. అదే ఆయన కుట్టిన మొదటి హ్యాండ్‌బ్యాగు, చివరిది కూడా.

"స్టాఫ్‌రూంల అందరు అడిగేటోళ్ళు, మంచిగున్నది, యాడ కొన్నవమ్మా అని. మద్రాసుల కొన్న అని చెప్పేదాన్ని. ముప్పై ఏడేండ్లు గదే చెప్పిన. మా నాయిన కుట్టిండని ఒక్కపారి గూడ నోరు రాలె. చెప్తె మేము ఎవలమో తెలుస్తదని."

నేనేం చెప్పగలను? ఇదే కళాశాలలో చదివిన మూడేళ్ళూ, మీ పెద్దవాళ్ళు ఏం చేసేవారని ఎవరైనా అడిగితే 'వ్యవసాయం' అని చెప్పినవాణ్ణి నేనూ. టానిన్లూ కొల్లాజెనూ గూర్చి పరీక్షలో పేజీలు నింపాను గాని, ఆ చర్య మా పెరట్లోనే జరిగేదని ప్రయోగశాలలో పక్కవాడికి చెప్పలేదు. బడికి పోకుండానే ఆయనకు తెలిసిన సంగతి నేను డిగ్రీ చదివీ సబ్బుతో కడిగి పాడుచేశాను. పైగా నేను ఎక్కడెక్కడో చదివి ఎంచుకున్న ఆముదమే ఆయనా పూసేవాడట. "చలికాలం రాంగనే చెప్పులకు ఆముదం పూసేటోడు" అని అత్తమ్మ తరువాత చెప్పింది.

సంచీ పూర్తిగా కొత్తది కాలేదు. మూత అంచు ఇంకా కొంచెం లేచే ఉంది. బకిల్ చుట్టూ నలుపు అలాగే ఉంది. నా కొబ్బరినూనె మరకలు పలుచబడ్డాయిగాని పోలేదు. కాని పట్టీ గట్టిది, కుట్టు గట్టిది, పుస్తకాలు మోస్తుంది. మా అమ్మాయి డిగ్రీలో చేరినప్పుడు అత్తమ్మ తానే దాని భుజానికి తగిలించింది.

మొదటివారమే స్నేహితురాళ్ళు అడిగారట, ఎక్కడ కొన్నావని. "మా ముత్తాత కుట్టిండు" అన్నదట మా అమ్మాయి. ఆ మాట ఇంటికి వచ్చి చెప్పినప్పుడు అత్తమ్మ వంటింట్లో ఉంది. బయటికి వచ్చి, "మళ్ళొక్కపారి చెప్పు బిడ్డా, ఏమన్నవు?" అని అడిగింది. అమ్మాయి మళ్ళీ చెప్పింది.

మీ ఇళ్ళలోనూ అటకల మీద ఇటువంటి సంచీలు ఉంటాయి. సెలవుల్లో దింపి చూడండి. సబ్బు, ఎండ, గిన్నెడు నూనె – ఈ మూడింటినీ దూరం పెట్టండి. అది ఎవరు కుట్టారో చెప్పగలిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, సంచీ తుడవకముందే వాళ్ళను అడగండి.